చ్చ్ చ్చ్ అన్నది కూడా ఒక హల్లే

అయ్యో పాపం అనుకునేటప్పుడు నాలుకతో "చ్చ్, చ్చ్" అంటాం కదా. నిజానికి ఆ చప్పుడుకి తెలుగులో అక్షరం లేదు, నేను రాసింది ఏదో సర్దుబాటు. అక్షరం ఎందుకు లేదంటే మన లెక్కలో అది మాటలో భాగం కాదు, నిట్టూర్పులాంటిది ఇంకొకటి. దక్షిణాఫ్రికాలో ఖోసా మాట్లాడేవాళ్ళకి మాత్రం అది మన క, త లాంటి మామూలు హల్లు. మాట మొదట్లో వస్తుంది, మధ్యలో వస్తుంది, దాని పక్కన అచ్చు చేరుతుంది, దాన్ని తీసేసి ఇంకో హల్లు పెడితే అర్థం మారిపోతుంది. అసలు ఆ భాష పేరులోనే, మనం "ఖో" అని రాసుకునే చోట, ఉన్నది ఇలాంటి చప్పుడే: గుర్రాన్ని అదిలించేటప్పుడు నాలుక పక్కనించి చేసేది.

కాబట్టి మన నోటికి ఆ శబ్దం చేతకాక కాదు. రోజూ చేస్తూనే ఉన్నాం. భాషలోకి మాత్రం రానివ్వలేదు.

ఇదెందుకు చెప్తున్నానంటే, "ప్రపంచంలోని పది వింత భాషలు" అనే టైపు వీడియోలు చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. అందులో ఉన్న విషయాలు తప్పనికాదు (కొన్ని తప్పే, దాని సంగతి తర్వాత), వాటిని చూపించే తీరు అలాంటిది. వాళ్ళెవరో వేరే రకం మనుషులైనట్టు, వాళ్ళ గొంతులు వేరే కంపెనీవైనట్టు చెప్తారు. నాకు అర్థమైనంతలో వింత అనిపించే వాటిలో చాలా భాగం మన నోట్లోనో మన వాక్యాల్లోనో ఏదో ఒక మూల పడి ఉన్నవే. ఏ భాష దేన్ని లెక్కలోకి తీసుకుంది, దేన్ని తప్పనిసరి చేసింది అన్నదగ్గరే తేడా అంతా.

ముందు ఆ చప్పుడు సంగతి పూర్తిచేద్దాం, ఇలాంటివాటిని క్లిక్‌లు అంటారు. ఒకసారి నెమ్మదిగా చేసి చూడండి. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనుకుంటుంది, అది తెలుస్తూనే ఉంటుంది. తెలియనిదేంటంటే అదే సమయంలో నాలుక వెనక భాగం కూడా, 'క' అనేటప్పుడు ఎక్కడ తగులుతుందో అక్కడ, అతుక్కుని ఉంటుంది. ఈ రెండిటి మధ్యా కొంచెం గాలి చిక్కుకుంటుంది. నాలుక మధ్యభాగం కిందికి దిగితే ఆ జాగా పెద్దదై లోపలి గాలి పల్చబడుతుంది, కొస వదలగానే బయటి గాలి ఒక్కసారిగా లోపలికి వస్తుంది, ఆ చప్పుడే మనకి వినపడేది. ఇందులో ఊపిరితిత్తులకి పనే లేదు. అందుకే క్లిక్ చేస్తూనే ముక్కుతో కూనిరాగం తీయొచ్చు. నమ్మకపోతే ప్రయత్నించండి, పక్కన ఎవరూ లేనప్పుడైతే మంచిది. ఖోసాలో, జులూలో ఇలా ముక్కుతో కలిపి పలికే క్లిక్‌లు, కలపకుండా పలికేవి వేర్వేరు హల్లులు.

ఈ రెండు భాషలకీ క్లిక్‌లు పుట్టుకతో వచ్చినవి కావు, పొరుగున ఉన్న ఖోయిసాన్ భాషల నించి తెచ్చుకున్నవి. ఎలా వచ్చాయన్నదానికి ఒక వాదన ఉంది. అక్కడ కోడళ్ళు మామగారి పేరులోని అక్షరాలు కూడా పలకకూడదనే ఆచారం ఉండేది. పేరు ఒక్కటే కాదు, ఆ అక్షరాలున్న మామూలు మాటలు కూడా మార్చేయాలి. అలా మార్చడానికి పొరుగు భాషలోని క్లిక్‌లు బాగా పనికొచ్చాయని అంటారు. అంటే ఒక భాష ధ్వనుల పట్టికని కోడళ్ళు మార్చేశారన్నమాట. నాకు ఈ వాదన నిజమవ్వాలని ఉంది.

క్లిక్‌ల విషయంలో అసలు దిగ్గజం బోట్స్వానా, నమీబియాల్లో కొన్ని వేలమంది మాట్లాడే తా భాష. ఖో అనే పేరు కూడా వాడతారు, అదీ క్లిక్‌తోనే మొదలవుతుంది. పెదవులతో ముద్దు పెట్టినట్టుండే దానితో కలిపి ఐదు చోట్ల క్లిక్‌లున్నాయి, ఒక్కో చోట మళ్ళీ గాలి వదలడం, గొంతు బిగించడం, ముక్కుతో కలపడం అంటూ రకరకాల జతలు. ఎలా లెక్కపెడతామన్నదాన్ని బట్టి హల్లులు వంద దాటతాయి. నిఘంటువులో ఎక్కువ మాటలు క్లిక్‌తోనే మొదలవుతాయి. ఆంథొనీ ట్రెయిల్ అనే భాషావేత్త ఏళ్ళ తరబడి ఈ శబ్దాలు సాధన చేస్తే ఆయన స్వరపేటిక మీద చిన్న గడ్డలాంటిది వచ్చింది. తర్వాత చూస్తే ఆ భాష మాట్లాడే పెద్దవాళ్ళకీ అలాంటిదే ఉంది, పిల్లలకి ఇంకా రాలేదు. గొంతులు వేరే కంపెనీవి కావని పైన అన్నది ఇందుకే. వాడగా వాడగా అలా తయారయ్యాయి.

ఆఫ్రికా బయట క్లిక్‌లని హల్లులుగా వాడిన భాష, తెలిసినంతలో, డామిన్ ఒక్కటే. ఆస్ట్రేలియా ఉత్తరాన మార్నింగ్టన్ దీవిలో లార్డిల్ అనే జనం ఉన్నారు, వాళ్ళలో దీక్ష తీసుకున్న మగవాళ్ళు ఒకప్పుడు నేర్చుకున్న ప్రత్యేకమైన భాష ఇది. క్లిక్‌లతో పాటు గాలి లోపలికి పీలుస్తూ పలికే ఒక 'ల' లాంటి శబ్దం కూడా ఉంది. దానికంటే నన్ను ఎక్కువ కట్టిపడేసింది దాని పదజాలం. మొత్తం 150 దాకా ధాతువులు, వాటితోనే అన్నీ చెప్పాలి. రోజువారీ లార్డిల్‌లో ఉన్న బోలెడు సర్వనామాలు డామిన్‌లోకి వచ్చేసరికి రెండే: నేనూ నావాళ్ళూ అంతా ఒకటి, మిగతా లోకమంతా ఇంకొకటి. మనం, మేము, నువ్వు, మీరు, వాడు, అతను, ఆయన అని పొద్దస్తమానం తూకం వేసుకుంటూ మాట్లాడే మనకి ఆ హాయి ఊహకి కూడా అందదు.

ఎక్కువ ఉండటం వింతే, తక్కువ ఉండటమూ వింతే. పాపువా న్యూగినీలో బూగన్‌విల్ దీవిలో మాట్లాడే రోటోకాస్‌కి మొత్తం 12 అక్షరాలు, అందులో హల్లులు ఏడు రాస్తారు కానీ ధ్వనులుగా చూస్తే ఆరే. ఈ భాష మధ్య ప్రాంతపు మాండలికంలో మ, న లు లేవు. అమ్మ, నాన్న, నేను, నువ్వు, మనం ఏవీ పలకలేం! ముక్కుతో పలికే హల్లు లేని భాషలు ప్రపంచంలో చాలా అరుదు. మరి వాళ్ళకి ఆ శబ్దాలు రావా అంటే, వచ్చు. అక్కడ పనిచేసిన పరిశోధకులు 1969లో రాసిందాన్ని బట్టి, బయటివాళ్ళు రోటోకాస్ మాట్లాడటానికి తంటాలు పడుతుంటే వాళ్ళని వెక్కిరించడానికి మ, న లు వాడేవాళ్ళట. ఇంతకంటే మంచి ఉదాహరణ నాకింకోటి దొరకదు. శబ్దం నోట్లో ఉంది, వెటకారానికి పనికొస్తుంది, భాషలో మాత్రం లేదు. మనం చ్చ్ చ్చ్‌ని జాలికి వాడుకున్నట్టే.

పెదవులు కలిపి పలికే ప, బ, మ లు లేని భాషలూ ఉన్నాయి. ఉత్తర అమెరికాలో మోహాక్ అలాంటిదే. దానికి చుట్టమైన హ్యూరన్ మాట్లాడేవాళ్ళకి 17వ శతాబ్దం చివర్లో ఒక ఫ్రెంచి ప్రయాణికుడు 'ప' నేర్పబోయి ఓడిపోయాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు మూసుకోవడమేంటని వాళ్ళకి నవ్వొచ్చిందట. న్యాయమే కదా.

ఇక ఉబిఖ్. నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి సోచి చుట్టుపక్కల ఉండేవాళ్ళ భాష. 1864లో రష్యా సామ్రాజ్యం ఆ ప్రాంతాన్ని గెలుచుకున్నాక వాళ్ళంతా ఇల్లూ వాకిలీ వదిలి ఒట్టోమన్ రాజ్యానికి పోవలసి వచ్చింది. ఆ భాషలో 84 హల్లులు, రెండే అచ్చులు. తెలుగులో క నించి ఱ దాకా అన్నీ కలిపినా హల్లులు 40 లోపే, అందులోనూ ఒత్తులు సగంమంది సరిగ్గా పలకరు. 84 ఎలా సాధ్యం అని నేనూ చాలా బుర్ర గోక్కున్నాను. కిటుకు మన దగ్గరే దొరికింది. 'కి' అనబోయి అచ్చు రాకముందే ఆగండి, తర్వాత 'కు' అనబోయి అలాగే ఆగండి. రెండు 'క్'లూ ఒకటి కావు. మొదటిదానికి నాలుక ముందుకి జరిగి ఉంది, రెండోదానికి పెదవులు అప్పటికే గుండ్రంగా అయిపోయాయి. మనం ఆ తేడాని అచ్చు ఖాతాలో వేస్తాం. ఉబిఖ్ దాన్ని హల్లు ఖాతాలో వేసింది. పెదవులు గుండ్రం చేసిన క్, నాలుక ముందుకి జరిపిన క్, ఉత్త క్, గొంతు లోపల బిగించినవి, ఇలా ప్రతి చోటా నాలుగైదు. రంగంతా హల్లులకే పూసేశాక అచ్చులకి చేయడానికి పనేం మిగలదు, రెండుంటే చాలు. ఫ్రెంచి పండితుడు జార్జ్ దుమెజిల్ టర్కీలో తెవ్‌ఫిక్ ఎసెంచ్ అనే ఆయన దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి ఈ భాషని రాసుకున్నాడు. ఎసెంచ్ 1992లో చనిపోయారు, ఉబిఖ్ ధారాళంగా వచ్చినవాళ్ళలో ఆయనే ఆఖరు.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. నీలగిరి కొండల్లో తోడా అని మన ద్రావిడ కుటుంబంలోదే ఒక భాష ఉంది, మాట్లాడేవాళ్ళు రెండు వేలు కూడా లేరు. అందులో 'ర'లు ఆరు. నాలుక పళ్ళకి దగ్గరగా ఆడేది, కాస్త వెనగ్గా ఆడేది, మడిచి ఆడించేది, ఈ మూడింటికీ మళ్ళీ 'య' ఛాయ ఉన్నవి, లేనివి. అన్నీ అర్థాన్ని మార్చేవే. పెరి భాస్కరరావు, పీటర్ లాడెఫోగెడ్, సినిషా స్పాయిచ్ కలిసి 1996లో వీటిని కొలిచి చూపించారు. మనకి ర, ఱ అని రెండుండేవి, ఆ రెండోదాన్ని కూడా మోయలేక వదిలేసి, బండి ర అని పేరు పెట్టి అటక మీద పడేశాం.

శబ్దాల గురించి చివరగా ఒక్కటి. చంటిపిల్లల్ని ఆడించేటప్పుడు పెదవులు "బ్ర్ర్ర్" అని ఆడిస్తాం చూశారా, దాని ముందు 'త్' చేర్చిన శబ్దం అమెజాన్‌లో ఒకట్రెండు భాషల్లో హల్లు. పిరహా భాష మీద డేనియల్ ఎవరెట్ 1970ల చివర్నించీ పనిచేస్తున్నాడు, వాళ్ళ మధ్యే ఏళ్ళ తరబడి కాపురం ఉన్నాడు. అలాంటి మనిషికి ఈ శబ్దం పిరహాలో ఉందని తెలిసింది 2004లో. ఆయన అంచనా ఏంటంటే బయటివాళ్ళు అది విన్నప్పుడల్లా నవ్వేవాళ్ళట, అందుకని వాళ్ళు ఆయన ముందు ఆ శబ్దం రానివ్వలేదు. పాతికేళ్ళు! వింత భాషలంటూ తీసే వీడియోల మీద నాకున్న చిరాకుకి ఇదొక్కటి చాలు కారణంగా. (పిరహా వ్యాకరణం మీద భాషావేత్తలు కొట్టుకునే గొడవ వేరే ఉంది, అందులోకి దిగితే తెల్లారిపోతుంది.)

తప్పులు ఉంటాయన్నాను కదా, అందులో నంబర్ వన్ అమెరికా ఆదివాసుల భాష ఒకదాని గురించి, "హోపీ భాషలో కాలానికి మాటే లేదు" అన్నది. బెంజమిన్ వోర్ఫ్ అనే భాషావేత్త అన్న మాటలు పెరిగి పెరిగి అలా తయారయ్యాయి. ఎకెహార్ట్ మలోట్కి 1983లో హోపీలో కాలాన్ని చెప్పే పద్ధతుల మీదే 600 పేజీల పైన రాశాడు. అయినా ఆ మాట ఇంకా చావలేదు. ఈల భాష అని కానరీ దీవుల లా గొమేరా గురించి చెప్పేది కూడా సగమే నిజం, అది వేరే భాష కాదు, స్పానిష్‌నే ఈలల్లోకి దింపుతారు. బడుల్లో నేర్పుతున్నారు, 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, అది బాగుంది.

వాక్యాల సంగతికొస్తే, నాకు బాగా నచ్చింది బ్రెజిల్‌లోని హిష్కర్యాన. కర్త, కర్మ, క్రియ ఏ వరసలో వస్తాయన్నది చూసుకుంటే ప్రపంచంలో ఎక్కువ భాషలు మనలాగో ("రాముడు పండు తిన్నాడు") ఇంగ్లీషులాగో ఉంటాయి. భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో భాషలన్నిటికీ పట్టే సూత్రాలు రాస్తూ, కర్త కంటే కర్మ ముందొచ్చే వరస మామూలు వరసగా దాదాపు ఎక్కడా ఉండదన్నాడు. డెస్మండ్ డర్బిషైర్ అనే ఆయన హిష్కర్యాన వాళ్ళ మధ్య చాలా ఏళ్ళుండి, 1977లో, ఇదిగో ఉంది అని చూపించాడు. "తోతో యొనొయె కమర" అంటే వరసగా "మనిషి, తిన్నది, జాగ్వార్". అర్థం మాత్రం జాగ్వార్ మనిషిని తినేసిందని.

దీంట్లో ఏముంది, మనమూ "మనిషిని తినేసింది పులి" అంటాం కదా అనొచ్చు. అంటాం. కానీ మనకి "ని" ఉంది. అది మోస్తుంది కాబట్టి మాటల్ని ఎటైనా తిప్పగలం. హిష్కర్యానలో నామవాచకాలకి అలాంటి విభక్తి ఏదీ తగలదు, తోతో తోతోలాగే ఉంటుంది, కమర కమరలాగే ఉంటుంది. ఎవరు ఎవర్ని తిన్నారన్నది వరసే చెప్పాలి. మనం నాటకీయంగా చెప్పాలనుకున్నప్పుడు వాడే వరస వాళ్ళకి రోజువారీ వరస.

టుయూకా ఇంకా ముచ్చటగా ఉంటుంది. కొలంబియా, బ్రెజిల్ సరిహద్దులో ఉన్న భాష ఇది. అందులో ఏ విషయం చెప్పినా అది నీకెలా తెలుసో క్రియ చివర్లో చెప్పి తీరాలి. జానెట్ బార్న్స్ 1984లో ఇచ్చిన ఉదాహరణ బంతాటది. "దీగ అపేవి" అంటే ఆడాడు, నేను కళ్ళారా చూశాను. "దీగ అపేతి" అంటే ఆట చప్పుడు విన్నాను, చూడలేదు. "అపేయి" అంటే అక్కడ అడుగుజాడలో ఇంకేవో ఆనవాళ్ళో కనపడ్డాయి. "అపేయిగి" అంటే ఎవరో చెప్పారు. "అపేహీయి" అంటే ఆడే ఉంటాడని అనుకోవచ్చు.

ఇప్పుడు తెలుగులో చూడండి. ఆడాడు. ఆడినట్టున్నాడు. ఆడాడట. ఆడి ఉంటాడు. ఐదింట్లో నాలుగు మన దగ్గర ఉన్నాయి! చప్పుడు విని తెలుసుకున్నదానికే వేరే రూపం లేదు. అయితే మనం "ట" మింగేసి, ఎవరో చెప్పిన దాన్ని సొంతంగా చూసినట్టు "ఆడాడు" అనేసినా వ్యాకరణం ఏమీ అనదు. టుయూకాలో ఆ వెసులుబాటు లేదు, ఏదో ఒకటి ఎంచుకోకపోతే క్రియే పూర్తవదు. అబద్ధం చెప్పలేరని కాదు, చెప్పాలంటే రెండు అబద్ధాలు చెప్పాలి, విషయం గురించి ఒకటి, అది తెలిసిన దారి గురించి ఇంకొకటి.

పెరూలో మాట్సెస్ అని ఇంకో భాష ఉంది, దాని మీద డేవిడ్ ఫ్లెక్ పనిచేశాడు, వాళ్ళు ఇంకా పట్టింపుగలవాళ్ళు. ఆనవాళ్ళు చూసి గ్రహించిన సంగతైతే అది జరిగి ఎంతకాలమైంది, నువ్వు గ్రహించి ఎంతకాలమైంది అన్నవి కూడా క్రియలోనే విడివిడిగా పడతాయి. నీకు ఎంతమంది పెళ్ళాలని అడిగితే, ఆ సమయానికి వాళ్ళు ఎదురుగా లేకపోతే, "ఇద్దరు ఉండేవాళ్ళు" అన్నట్టు చెప్తారట. ఈ లోపు ఎవరైనా లేచిపోయారేమో ఎవరికి తెలుసు!

వీటన్నిటికీ అమెజాన్ దాకా పోతాం కానీ మన పక్కనే, ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండల్లో, సవర ఉంది. సొర అని కూడా అంటారు. తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబం, దూరపు బంధుత్వం కంబోడియా ఖ్మేర్‌తో. ఇందులో క్రియ పక్కనున్న నామవాచకాన్ని లోపలికి లాగేసుకుంటుంది. అలా లోపలికి పోయేటప్పుడు నామవాచకానికి పొట్టి రూపం ఒకటుంటుంది. దున్నపోతుకి పూర్తి మాట "బొంతెల్", క్రియలోకి పోతే "బొఙ్" మాత్రమే, "జొమ్" అంటే తినడం. రెండూ అతుక్కుని, వాటి వెనక కాలమూ నేనూ చేరి, దున్నపోతు మాంసం తింటున్నానన్నది ఒకే మాటలో వచ్చేస్తుంది.

కర్మని ఇలా మింగే భాషలు చాలానే ఉన్నాయి. మనం "స్నానం చేశాడు", "పెళ్ళి చేసుకున్నాడు" అని కర్మకి ఏ విభక్తీ లేకుండా క్రియకి అతికించి వాడేది ఆ దారిలో మొదటి మెట్టనుకోవచ్చు. కానీ సవర కర్తని కూడా మింగుతుంది. "ఞమ్‌కిడ్‌తమ్" అంటే పట్టుకొను, పులి, ఇక ముందు, నిన్ను. పులి నిన్ను పట్టుకుంటుంది అని. ఇక్కడ పట్టుకునేది పులే, పని చేసేది అదే, అయినా క్రియ కడుపులోకి పోయింది. పనిచేసే కర్త ఇలా క్రియలోకి పోవడం కుదరదని సిద్ధాంతాలు కట్టినవాళ్ళకి ఈ పులి గొంతులో పడ్డ వెలక్కాయ.

ఈ ఉదాహరణ రాసిపెట్టింది గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించిన మనిషి. సవర మీద రాసే విదేశీ భాషావేత్తలు ఇప్పటికీ ఆయన్ని ఉటంకిస్తారు. ఇక్కడేమో ప్రతి ఆగస్టు 29కీ ఆయన మీద బోలెడు వ్యాసాలొస్తాయి, అన్నిట్లో వ్యావహారిక భాషోద్యమం ఉంటుంది, సవరలకి బడులు పెట్టించారని ఒక వాక్యం ఉంటుంది, ఈ పులి వాక్యం మాత్రం నేను చదివిన ఒక్కదాంట్లోనూ లేదు.